ఒకే పెట్టె, రెండు పేజీలు

“నువ్వు తీసేస్తావా, నన్ను తీసేయమంటావా?”

పొద్దుట్నించి అతను నోరు విప్పి అన్న మొదటి మాట అది. భోజనాల బల్లకి అటు చివర అతను, ఇటు చివర ఆమె. మధ్యలో రెండు ల్యాప్‌టాప్‌లు ఒకదానికొకటి వీపు చూపించుకుంటూ ఉన్నాయి. పక్కన కాఫీ కప్పు మీద మీగడ కట్టింది.

ఆమె తలెత్తలేదు.

“ఏది?”

“ఏదేంటి? పెట్టె.”

నిన్న మధ్యాహ్నం ఆ ఫోను వచ్చినప్పటినుంచి ఇంట్లో పెట్టె తప్ప ఇంకో మాట లేదు. ఉన్న ఆ ఒక్క మాటనీ ఎవరూ పైకి అనలేదు. ఇప్పుడు అతను అనేశాడు.

మొగుడూపెళ్లాలు ఇద్దరూ పెట్టెలకీ డబ్బాలకీ బొమ్మలు గీసే డిజైనర్లు. పదిహేనేళ్లు ఒకే ఆఫీసు, ఒకే గది, పక్కపక్క కుర్చీలు. మూడు నెలల కిందట ఆ విభాగాన్నే ఎత్తేశారు. ఆ తర్వాత ఎవరి పనులు వాళ్లు ఏరుకుని, ఎవరి పోర్ట్‌ఫోలియో పేజీ వాళ్లు ఆన్‌లైన్‌లో కట్టుకున్నారు. వయసు పైబడ్డవాళ్లకి కావలసిన వస్తువులు తయారుచేసే కంపెనీలో ఒక ఉద్యోగం ఉందని తెలిసింది. ఒకరికి తెలియకుండా ఒకరు దానికే లింకు పంపారు.

నిన్న ఫోను చేసినామె ఆ కంపెనీలో పెద్ద డిజైనరు. కసురుకోలేదు, వెక్కిరించలేదు. జాకెట్టు కొలతలు అడిగినంత మామూలుగా అడిగింది. “మీ ఇద్దరి చిరునామా ఒకటే. మీ ఇద్దరి పేజీల్లోనూ మాత్రల పెట్టె ఒకటే. అది ఎవరి పనో రేపు నాలుగింటికల్లా మీ పేజీల్లో తేల్చండి. మాకు కావలసింది ఒక్కరే.”

“వింటున్నావా?” అన్నాడు అతను.

“వింటున్నాను.”

“క్లయింటు ముందు పద్నాలుగుసార్లు నిలబడింది ఎవరు?”

“నువ్వే.”

“ఇది కుదరదు పొమ్మని వాళ్లు మూలన పడేస్తే, మళ్లీ వెళ్లి కాళ్లావేళ్లా పడి ఒప్పించింది ఎవరు?”

“నువ్వే.”

“మరి?”

“నువ్వే అంటున్నాగా.”

అతను కుర్చీ వెనక్కి తోశాడు. “ఇలా అన్నిటికీ ఒప్పేసుకుంటే నీతో పోట్లాడేదెలా!”

పన్ను పీకేముందు సూది వేస్తే దవడ మన దవడలా ఉండదు. మూడు నెలలుగా ఆమెకి ఒళ్లంతా అలాగే ఉంది. ఉద్యోగం పోయిన రోజు ఎదుటి కుర్చీ అమ్మాయి వెక్కివెక్కి ఏడిస్తే ఈమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తనకి ఏడుపు రాలేదు. వస్తుందేమోనని నాలుగు రోజులు చూసి, చూడడం కూడా మానేసింది.

అతను మళ్లీ కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. గొంతు తగ్గించినప్పుడే అతను నిజంగా భయపడుతున్నట్టు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

“నలభై ఆరేళ్లు నాకు. ఆ పెట్టె తీసేస్తే నా పేజీలో మిగిలేవి సబ్బు కాగితాలు. సబ్బు కాగితాలు చూసి ఎవడు పిలుస్తాడు? నీకైతే టీ డబ్బాలున్నాయి, రంగుపెన్సిళ్ల పెట్టె ఉంది, ఆ గాజుసీసాల అట్ట ఉంది. నీది ఎలాగైనా నిలబడుతుంది.”

“సరే,” అంది ఆమె.

“సరే అంటే?”

“తీసేస్తాను.”

మౌస్ జరిపింది. నిజంగా తొలగించాలా, అని అడిగింది తెర. ఇంట్లో ఆమెని ఆ మాట అడిగింది అదొక్కటే. అవును అని నొక్కింది. పెట్టె మాయమైంది. కిందనున్న టీ డబ్బా చప్పున పైకి జరిగి ఆ చోటు పూడ్చేసింది. అక్కడ ఏదో ఉండేదన్న ఆనవాలు కూడా మిగల్లేదు.

గెలిచినవాడి ముఖంలా లేదు అతని ముఖం. “బ్రెడ్డు తెస్తాను,” అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

*

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ఫోను మోగింది. ఆడపడుచు. అతనికన్నా ఆరేళ్లు పెద్దది. ఒక పెద్ద ఆఫీసులో కొత్తవాళ్లని ఏరే ఉద్యోగం ఆవిడది. రోజుకి అరవై డెబ్బై పేజీలు చూసి పారేస్తుంది. ఈ ఇద్దరి పేజీలకీ మొదటినుంచీ సలహాలు ఆవిడవే. అడిగినా అడక్కపోయినా ఇస్తుంది.

“ఏమ్మా, నీ పేజీకి ఏమొచ్చింది? ఇప్పుడే తెరిచాను. తెరవగానే టీ డబ్బా కనిపించింది.”

“అవును వదినా.”

“పెట్టె ఏదీ?”

“తీసేశాను. మీ తమ్ముడు తీసేయమన్నారు.”

“వాడు తీసేయమంటే తీసేస్తావా? నీకు ముందే చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? ఉన్నవన్నీ కుక్కేయకు, నాలుగు చాలు. అన్నిటికన్నా గట్టిది మొదట పెట్టు. ప్రతిదాని కిందా చిక్కేమిటో, నువ్వేం చేశావో, ఎన్నిసార్లు తప్పిందో రాయి. నాలాంటిది ఒక పేజీ మీద నిమిషం కూడా ఉండదే తల్లీ! ఆ నిమిషంలో నిన్ను పట్టిచ్చేది ఆ పెట్టె ఒక్కటే. అది లేకపోతే నీ పేజీ ఎలా ఉందో తెలుసా? ఎవరిదైనా కావచ్చు అన్నట్టు ఉంది.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి ఊఁ! అసలది ముందునుంచే నీరసంగా రాశావు. ‘చేశాం, గీశాం, పంపాం’. ఎవరు చేశారు? ఊరు ఊరంతా చేసిందా? నువ్వు చేసిన దాని కింద నేను చేశానని రాయడానికి నీకు ఏమడ్డం?”

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, జవాబు దొరుకుతుందేమోనని. ఆఫీసులో పదిహేనేళ్లు ‘చేశాం’ అనే అన్నది. మొదట్లో అది మర్యాద. తర్వాత అలవాటు. ఆ తర్వాత అందులో తనెంత ఉందో కొలుచుకోవడం పోయింది.

“తెలీదు వదినా.”

“వాణ్ణి నేను కడిగేస్తానుండు.”

“వద్దు వదినా. ఆయన భయపడుతున్నారు.”

“నువ్వు?”

“నాకేమీ లేదు.”

“అదేనమ్మా నాకు భయం,” అని ఆవిడ ఫోను పెట్టేసింది. ఎప్పుడూ నాలుగుసార్లు ‘ఉంటాను’ అనే మనిషి, ఈసారి ఒక్కసారి కూడా అనలేదు.

*

“అమ్మాయ్,” అని లోపలి గదిలోంచి మామగారు పిలిచాడు. “ఓసారి ఇలా రా.”

ఆయన నలభై ఏళ్లు ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, వరస పేర్చి, పేజీ కట్టిన మనిషి. కంప్యూటర్లు వచ్చాక ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు డెబ్భై ఎనిమిది. చెవులు మాత్రం పాము చెవులు. పక్క గదిలో గుసగుసలాడినా ఆయనకి వినబడుతుంది.

“వాడి పేజీ తీసుకురా. నాకు చదివి వినిపించు.”

“ఎందుకు మామయ్యా ఇప్పుడు?”

“ఆ పెట్టె గొడవ ఇందాకట్నించి వింటున్నాను కదా. అది నా మాత్రల పెట్టె. అందులో ఏం రాశాడో నాకు తెలియద్దూ?”

ఆమె అతని ల్యాప్‌టాప్ తెచ్చి మంచం పక్కన కూర్చుంది. పేజీ బాగుంది. అందులో సందేహం లేదు. మంచి వెలుగులో తీసిన ఫోటోలు, చుట్టూ చాలినంత ఖాళీ, కిందికి దిగితే ఎక్కడ ఆగాలో కంటికి తెలుస్తుంది. ఆమె పేపరు చదివినట్టు చదివింది.

“‘మా నాన్నగారు మాత్రలు తారుమారు చేసుకుని కిందపడిన ఆ ఉదయం, నేను ఆయన పక్కనే ఉన్నాను. తడి నేల మీద ఆయన్ని లేవదీస్తూ నిర్ణయించుకున్నాను. ఇలాంటిది ఇంకెవరికీ జరగకూడదు...’”

“మళ్లీ చదువు ఆ మొదటి ముక్క.”

చదివింది. ఈసారీ అదే గొంతు.

నాలుగేళ్ల కిందటి సంగతి అది. ఆయన పొద్దున్నే రాత్రి వేసుకోవలసిన నిద్రమాత్ర వేసుకుని బాత్‌రూమ్ గుమ్మంలో పడ్డాడు. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. భుజం కిందికి చెయ్యి పోనిచ్చి ఎత్తింది, ఎత్తలేక తనూ కూలబడింది, ఆయన తల ఒళ్లో పెట్టుకుని అంబులెన్సుకి ఫోను చేసింది. అతను ఆ వారమంతా వేరే ఊళ్లో ఉన్నాడు. సబ్బు కాగితం రంగు తేడా వచ్చిందని ప్రెస్సులో మకాం. ఆసుపత్రినుంచి ఆయన వచ్చాక ఆమె వంటింటి నేల మీద అట్టలు పరుచుకుని, బ్లేడుతో కోసి, పెట్టెలు అతికించింది. ఒకటి కాదు, పదకొండు. నాలుగోదాని గడుల మీద బొమ్మలకి ఆయనే పేచీ పెట్టాడు. ‘పొద్దున సూర్యుడూ సాయంత్రం సూర్యుడూ కవలపిల్లల్లా ఉన్నారమ్మా, ఎవరు ఎవరో నాకేం తెలుస్తుంది’ అని. పదకొండోది ఆఫీసుకి చేరి, అక్కణ్ణించి క్లయింటు దాకా వెళ్లింది.

తలుపు చప్పుడైంది. అతను బ్రెడ్డు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తన ల్యాప్‌టాప్ ఆమె ఒళ్లో చూశాడు.

“ఆ రోజు నువ్వు ఊళ్లో లేవు కదరా,” అన్నాడు ముసలాయన.

అరవలేదు. ప్రూఫులో తప్పు చూపించినట్టు చెప్పాడు.

“పేజీ అన్నాక కథ ఉండాలి నాన్నా. ఊరికే బొమ్మలు పెడితే ఎవరూ చూడరు. అక్కే చెప్పింది.”

“అక్క కథ చెప్పమందా, అబద్ధం చెప్పమందా?”

అతను బ్రెడ్డు పొట్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“నేను తిరగేసిన అక్షరాల మీద బతికినవాణ్ణిరా. సీసం అక్షరం అద్దంలో చూసినట్టు అటుదిటు ఉంటుంది. దాన్ని చదివినవాణ్ణి, తిన్నగా ఉన్నది చదవలేననుకున్నావా? నీ పేజీలో నన్ను పడేశావు, సరే, పడ్డమాట నిజమే. లేపింది ఎవరో మాత్రం మార్చకు.”

ఆమెకి లేచి వెళ్లిపోవాలనిపించింది. కానీ ల్యాప్‌టాప్ ఒళ్లో ఉంది. అది వదిలి ఎలా లేవాలో ఒక్క క్షణం తోచలేదు.

“వెళ్లండి, అన్నం తినండి ఇద్దరూ,” అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదు. వీపు చూస్తేనే తెలుస్తోంది.

*

అన్నం తిన్నారు. కంచాలు ఆమె కడిగింది, అతను తుడిచాడు. పదిహేనేళ్లు ఆఫీసులో ఒకరు గీసింది ఒకరు అందుకున్నట్టే, మాటల్లేకుండా.

చివరి కంచం తుడుస్తూ అతను అన్నాడు. “నేను కావాలని రాయలేదు.”

ఆమె కుళాయి కట్టేసింది.

“నమ్మవు గానీ, నిజం. పద్నాలుగు మీటింగుల్లో అలాగే చెప్పాను. మొదటిసారి నోరు జారి అన్నాను. అవతలవాళ్లు కదిలిపోయారు. రెండోసారి కావాలనే అన్నాను. చెప్పగా చెప్పగా నాకే గుర్తున్నట్టు అయిపోయింది. నేల తడి కూడా గుర్తుంది నాకు. అరికాలికి చల్లగా తగిలినట్టు.”

“నమ్ముతాను.”

“నీకు కోపం రాదా?”

ఆమె వెతికింది. ఎక్కడో ఒకచోట ఉండాలి కోపం, పెట్టినచోట మర్చిపోయిన తాళంచెవిలా. దొరకలేదు.

“రావడం లేదు,” అంది.

“అరవవేం? ఏదో ఒకటి అను! గిన్నె విసిరికొట్టు!”

“కడిగేశాను కదా.”

అతనికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో విరిగి, ముఖం ఎటో తిప్పుకున్నాడు. కళ్లు తుడుచుకున్నది కంచం తుడిచిన గుడ్డతోనే.

మూడు దాటాక బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు టైపు చేశాడు. కొట్టాడు, చెరిపాడు, మళ్లీ కొట్టాడు. ఆఖరికి ల్యాప్‌టాప్‌ని ఆమెవైపు తిప్పాడు.

“చూడు.”

పాత కథ లేదు. పెట్టె ఫోటో కింద రెండే వాక్యాలు. ‘ఈ పెట్టె ఆలోచన, గీత, కత్తిరింపు అన్నీ నా భార్యవి. దీన్ని తయారి దాకా తీసుకెళ్లిన పని నాది.’

ఆమె చదివింది. రెండోసారి చదివింది. లోపల ఏదైనా కదులుతుందేమోనని ఆగి చూసింది. ఇన్నేళ్లుగా ఈ రెండు వాక్యాల కోసమే ఎదురుచూశానా, అసలు ఎదురే చూడలేదా, అదీ తెలియలేదు.

“‘తయారీ’లో దీర్ఘం పోయింది,” అంది.

అతను దీర్ఘం పెట్టాడు. “నీ పేజీలో మళ్లీ పెట్టు దాన్ని. ఇంకా టైముంది.”

“పెడతాను.”

కానీ చెయ్యి లేవలేదు. ఫోటోలు ఉన్నాయి, అట్ట పెట్టెల బొమ్మలు ఉన్నాయి, అన్నీ ఒక ఫోల్డరులో వరసగా ఉన్నాయి. పది నిమిషాల పని. పది నిమిషాలూ ఆమె ఆ టీ డబ్బానే చూస్తూ కూర్చుంది.

నాలుగు దాటిన కాసేపటికి ఆమె ఫోను మోగింది.

*

“మీతోనే మాట్లాడాలి,” అంది అవతలి డిజైనరు. “పొద్దున చూస్తే మీ పేజీలో పెట్టె లేదు. ఇందాక ఆయన పేజీ చూశాం. పని మీదని ఆయనే రాశారు. తన పేజీలో ఇంకొకరికి అంత చోటివ్వడం చిన్న విషయం కాదండీ. మావాళ్లందరికీ నచ్చింది. ఆయన్నే తీసుకుందాం అనుకుంటున్నాం. ముందు మీకు చెప్పడం మర్యాద అనిపించింది.”

“మంచిది,” అంది ఆమె.

“మీరేమీ అనరా?”

“ఏమనాలి?”

“అదేనండీ.” ఆ గొంతులో జాలి లేదు. చెప్పాలా వద్దా అన్న తడబాటు ఉంది. “తప్పుగా అనుకోకండి. మీ సొంత పనిని మీ చేత్తో మీరే, కిమ్మనకుండా తీసేశారు. రేపు ఇక్కడ ఎవరో వచ్చి అది తగ్గించండి, ఇది పీకేయండి అంటే, అప్పుడూ ఇలాగే సరేనంటారేమో అని మా అనుమానం.”

ఆమెకి ఆ మాటలో తప్పు కనిపించలేదు. న్యాయంగానే ఉంది. ఫోను పెట్టేయబోయింది. పెట్టేసేముందు, ఎందుకో తనకే తెలియకుండా అడిగింది.

“రాత్రి గడి గోడ ఎందుకు ఎత్తుగా ఉందో ఆయన రాశారా?”

“గోడా?”

“పెట్టెలో రోజుకి నాలుగు గడులు ఉంటాయి కదండీ. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. రాత్రి గడి గోడ మిగతావాటికన్నా రెండు మిల్లీమీటర్లు ఎత్తు. ఫోటోలో తెలియదు. పడుకునేటప్పటికి ముసలివాళ్లు కళ్లజోడు తీసేసి ఉంటారు. పక్కవాళ్లకి నిద్ర చెడుతుందని లైటు వెయ్యరు. వేలితో తడుముకుంటారు. ఒక్క మిల్లీమీటరు పెంచితే వేలికి తెలియలేదు. మూడు పెంచితే మూత పడలేదు. అందుకని రెండు.”

ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. మామగారికి పేజీ చదివిన గొంతే. బల్లకి అటువైపు అతను తల పైకెత్తాడు.

“ఫ్యాక్టరీవాళ్లు నాలుగూ సమం చేసేస్తాం, మాకు సులువు అన్నారు. కుదరదని డ్రాయింగు మీద రాసి పంపాను. సమం చేసి నమూనా పంపారు. వెనక్కి పంపించాను. మళ్లీ సమం చేశారు. మళ్లీ పంపించాను. మూడోసారి రెండు మిల్లీమీటర్లతో వచ్చింది. సరేనని అప్పుడు సంతకం పెట్టాను.”

అవతల ఎవరో తలుపు తీసి వేసిన చప్పుడు.

అతను తన తెర మీద పెట్టె ఫోటోని పెద్దది చేస్తున్నాడు. ఇంకా పెద్దది. గోడలు ఎక్కడున్నాయో వేలు పెట్టి వెతుకుతున్నాడు. పద్నాలుగుసార్లు చేతిలో పట్టుకుని చూపించిన పెట్టె అది.

“ఇదంతా మీ పేజీలో ఎందుకు రాయలేదు?” అంది డిజైనరు ఆఖరికి.

“ఇది రాయాల్సిన సంగతని తెలీదండీ.”

“రేపు పదింటికి రండి. ఆయన్నీ తీసుకురండి. ఇద్దరితోనూ మాట్లాడాకే ఏదైనా.”

ఫోను బల్ల మీద పెట్టింది.

“ఏమంది?” అన్నాడు అతను. కళ్లు తెర మీదే ఉన్నాయి.

“రేపు పదింటికి రమ్మంది.”

“ఎవర్ని?”

“ఇద్దర్నీ.”

అతని ముఖం ఒక్కసారి తేటపడింది. “కలిసి వెళ్దాం అయితే. నువ్వు పని గురించి చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను. ఎప్పుడూ చేసినట్టే.” అని, ఆగాడు. “ఈ రెండు మిల్లీమీటర్ల సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?”

“చెప్పాను,” అంది ఆమె. “రెండో మీటింగుకి ముందురోజు. నువ్వు అద్దం ముందు నిలబడి మాటలు సాధన చేసుకుంటున్నావు. ‘నేను ఆయన పక్కనే ఉన్నాను’ అనే దగ్గర.”

అతను ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి లేచింది, ఆగమన్నట్టు. పెళ్లైన పంతొమ్మిదేళ్లలో అతని మాటకి ఆమె అలా చెయ్యి అడ్డం పెట్టడం అదే మొదటిసారి.

అతను ఆగాడు. ఆమె చెయ్యి మాత్రం అలాగే గాలిలో ఉండిపోయింది. ఇప్పుడేం చెప్పాలో ఆమెకింకా తెలియదు. సూది మందు విడిచినట్టు వేళ్లల్లో చీమలు పాకుతున్నాయి.